విందుల్లో చిన్న నీళ్ల సీసాలు మానాలంటే ముందు ఏం జరగాలి? – భీమవరం చుట్టుపక్కల ఊళ్ల చర్చ

కాలువగట్టు (ఉండి వైపు)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో పెళ్ళి జరిగినా, ఓణీల వేడుక జరిగినా, దినకార్యం జరిగినా 200 మిల్లీలీటర్ల నీళ్ల సీసాలు కేసులకు కేసులు దిగుతున్నాయి. వధూవరుల ఫొటోలు అచ్చువేయించిన సీసా లేకపోతే విందుకు లోటు జరిగినట్టు భావించే స్థితికి వచ్చాం. వెయ్యి మంది భోజనానికి వచ్చి, తలకు రెండు సీసాలు తీసుకున్నారంటే ఒక్క పూటలో రెండు వేల సీసాలు. వాటిలో చాలా సీసాలు రెండు గుక్కలు తాగి వదిలేసినవే.

మరుసటి రోజు పొద్దున మా పంట బోదె మొదట్లో ఉన్న తూము దగ్గరకు వెళ్లి చూస్తే, అవన్నీ గుర్రపుడెక్క వేళ్లలో చిక్కుకుని కనిపిస్తాయి. సగం నీళ్లతో మూత బిగించి ఉన్న సీసా నిలువుగా తేలుతుంది, ఖాళీ సీసా అడ్డంగా తేలుతూ వచ్చి తూము నోటికి అడ్డం పడుతుంది. కాలువ నీళ్లు చూసే లస్కరు కర్రతో లాగి గట్టు మీద పోస్తే, ఆ కుప్ప గాలికి మళ్లీ కాలువలోకే చేరుతుంది. ఇదే కాలువ నీరు దిగువనున్న ఊరి మంచినీళ్ల చెరువును నింపుతుంది.

ఈ కార్తీకమాసంలో జరిగే వనభోజనాలు, ఆ తరువాత సుబ్రహ్మణ్య షష్ఠికి గుడి దగ్గర జరిగే అన్నసమారాధన, ఈ రెండింటినైనా సీసాలు లేకుండా జరపాలని మాలో కొందరం అనుకుంటున్నాం. వద్దని చెప్పడం ఎవరికైనా సులువే. వాటి స్థానంలో ఏం పెట్టాలి, దానికి ఎవరు పూచీ పడాలి అన్న విషయంలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వంటపందిరి (క్యాటరింగ్, ఆకివీడు)

ఈ సీసాలు ఎందుకు వచ్చాయో ముందు చెప్పుకుంటే, ఎలా పోతాయన్నది మాట్లాడుకోవచ్చు. బంతి భోజనాల కాలంలో బంతికి నలుగురు కుర్రాళ్లు స్టీలు జగ్గులు పట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ నీళ్లు పోసేవారు. వెనుక గ్లాసులు కడగడానికి వేరే మనుషులు ఉండేవారు. ఇప్పుడు పల్లెల్లో కూడా బఫే వచ్చింది. నిలబడి తినేవారికి ఒక చేతిలో పళ్లెం ఉంటుంది కాబట్టి, తాగి మూత పెట్టి చంకలోనో జేబులోనో పెట్టుకోగలిగే సీసా వారికి సౌకర్యంగా ఉంది. మాకేమో నీళ్లు పోసే మనుషుల కూలీ, గ్లాసుల అద్దె, కడిగే శ్రమ మిగిలాయి. పేపరు గ్లాసులు పెడదామన్నా వాటి లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, పైగా అవి సీసా కంటే తొందరగా నలిగి నేల మీద పడతాయి.

మరో కారణం పైకి ఎవరూ చెప్పరు. విందు తరువాత ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే మొదటి మాట నీళ్ల మీదకు, రెండో మాట వంటవాడి మీదకు వస్తుంది. సీలు ఉన్న సీసా పెడితే ఆ మాట మా మీదకు రాదు. కాబట్టి గృహస్థు అడగకపోయినా మేమే సీసాలు సూచిస్తాం. ఈ భయం తీర్చే మార్గం చూపిస్తే సీసాలు మానడానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ప్లేటు లెక్కలో నీళ్ల ఖర్చు కూడా తక్కువేమీ కాదు.

ఇద్దరు పిల్లల తల్లి (పాలకొల్లు)

వంటపందిరి గారు చెప్పిన భయమే నాకూ ఉంది, దాన్ని దాచుకోను. కాలువ శుభ్రంగా ఉండాలని నేనూ కోరుకుంటాను, కానీ మా చిన్నవాడికి పచ్చకామెర్లు వచ్చి తగ్గిన తరువాత బయట డ్రమ్ములో నీళ్లు తాగించడానికి నాకు ధైర్యం చాలడం లేదు. పందిట్లో పెట్టే టిన్నులు ఏ ప్లాంటు నుంచి వచ్చాయో, ఆ టిన్ను లోపల చివరిసారి ఎప్పుడు కడిగారో, డ్రమ్ము మూత తీసి ఎవరు చెంబు ముంచారో తెలియదు. సీసా తాగేవారిని పర్యావరణం పట్టనివారిగా చూడటం సరికాదు. తల్లులు సీసా కొంటున్నది నమ్మకం కోసం. ఆ నమ్మకం ఇంకో రూపంలో ఇవ్వగలిగితే నేనే అందరికంటే ముందు సీసా మానేస్తాను.

నీటిమట్టం (గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని)

ఆ తల్లి అడిగిన ప్రశ్న చుట్టూనే ఈ చర్చ నడవాలి. మన డెల్టా పరిస్థితి కొంచెం వివరంగా చెబుతాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ ప్రాంతానికి సాగునీరు, తాగునీరు రెండూ కాలువల నుంచే వస్తున్నాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువులు నింపుకుని, ఆ నీటిని ఇసుక ఫిల్టరు బెడ్ల ద్వారా వడకట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకులకు ఎక్కిస్తారు. శివారు ఊరికి నీరు చేరేసరికి అది ఎన్నో ఊళ్ల పక్కనుంచి, ఎన్నో చేపల చెరువుల పక్కనుంచి వచ్చిన నీరు. రంగు, వాసన కొంచెం తేడాగా ఉన్నా జనం కొళాయి నీటిని తాగడం మానేసి టిన్నుల వైపు వెళ్లారు. చుట్టూ నీరున్న సీమలో తాగేనీరు కొనుక్కుంటున్నామంటే దాని వెనుక కారణం ఇదే. ఈ అవసరాన్ని గుర్తించే 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో రెండు రూపాయలకు 20 లీటర్ల నీటిని ఇచ్చే పథకం మొదలుపెట్టారు.

ఇక సీసా గురించి. సీలు ఉన్నంత మాత్రాన నీరు నిర్దోషమని అనుకోకూడదు. ప్యాకేజ్డ్ తాగునీటిని ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న ఆహార పదార్థాల వర్గంలో చేరుస్తూ దేశ ఆహార భద్రత సంస్థ 2024 నవంబరులో ఆదేశం ఇచ్చింది. అదే సంవత్సరం జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, లీటరు సీసా నీటిలో సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ కణాలు కనిపించాయి, వాటిలో దాదాపు తొంభై శాతం అతిసూక్ష్మమైన నానో కణాలే. అవి శరీరానికి ఎంత హాని చేస్తాయన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం కాబట్టి భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అయితే ఎండలో నిలబెట్టిన ఆటోలో గంటల తరబడి వేడెక్కిన సీసాలను పందిట్లోకి దింపడం నేను తరచూ చూస్తుంటాను. సీసా తయారీలో వాడే యాంటిమొనీ అనే లోహపు అంశం వేడికి నీటిలోకి ఎక్కువగా దిగుతుందని మాత్రం నిర్ధారణగా తెలుసు.

సభాతీర్మానం (భీమవరం)

ఇంత చర్చ అవసరమా? ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను కేంద్రం ఎప్పుడో నిషేధించింది. పంచాయతీ కార్యదర్శి వచ్చి జరిమానా వేస్తే రెండు పెళ్ళిళ్లలో అందరూ దారికి వస్తారు. సిక్కిం రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి సీసా నీళ్లనే నిషేధించింది కదా. మనం ఎందుకు చేయలేం?

కాలువగట్టు

సభాతీర్మానం గారూ, 2021 ఆగస్టు 12న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2022 జులై 1 నుంచి నిషేధం అమల్లోకి వచ్చిన మాట నిజమే. కానీ ఆ జాబితాలో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, మిఠాయి పెట్టెల మీద చుట్టే పొర, అలంకరణకు వాడే థర్మోకోల్ వంటివి ఉన్నాయి, నీళ్ల సీసా లేదు. సీసాను తిరిగి సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టి వదిలేశారు. కాబట్టి జరిమానా వేయాలంటే మన దగ్గర ఆ నిషేధం ఆధారం కాదు. గ్రామసభలో తీర్మానం చేసుకుని, పంచాయతీ కల్యాణమండపం అద్దెకిచ్చేటప్పుడు షరతుగా పెట్టుకోవచ్చు. అంతవరకు మన చేతిలో ఉంది.

నీటిమట్టం

సిక్కిం విషయంలో ఒక మాట. అక్కడ కొండల్లో ఊట నీరు ఉంది. లాచెన్ వంటి చిన్న ఊరు రాష్ట్రం కంటే ఎన్నో ఏళ్ల ముందే సీసాలు మానగలిగిందంటే, పక్కనే తాగదగిన నీరు ఉండటం ముఖ్య కారణం. మనది నదికి చిట్టచివర ఉన్న నేల. నిషేధం ముందు, నీరు తరువాత అన్న క్రమం మన దగ్గర పనిచేయదు.

కొండకింద (తిరుపతి)

తిరుమల అనుభవం ఇక్కడ ఉపయోగపడవచ్చు. కొండ మీద ప్లాస్టిక్‌ను 2022 జూన్ 1 నుంచి పూర్తిగా నిషేధించారు, నీళ్ల సీసాల మీద ఆంక్ష అంతకుముందే మొదలైంది. బయటివారికి నిషేధం ఒక్కటే కనిపిస్తుంది. ఇక్కడివాళ్లం చూసింది దాని వెనుక జరిగిన ఏర్పాటు. క్యూలైన్లలో, కాటేజీల దగ్గర, నడకదారిలో, బస్టాండులో జలప్రసాదం పేరుతో శుద్ధిచేసిన నీటి కొళాయిలు పెట్టారు. దుకాణాల్లో గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతారు. చెల్లించిన దానిలో కొంత సీసా డిపాజిట్, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. ఇంటి నుంచి స్టీలు సీసాలు, రాగి సీసాలు తెచ్చుకునే యాత్రికులు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు.

అయితే ఒక తేడాను మరచిపోకూడదు. కొండకు వెళ్లే వాహనాలు అలిపిరి తనిఖీ కేంద్రం దాటే వెళ్లాలి, అక్కడ సంచీలు తెరిచి చూస్తారు. మీ ఊళ్లకు అలాంటి ద్వారం లేదు. పైగా తిరుమలలో నీటికి పూచీ పడే సంస్థ ఒకటి ఉంది. కొళాయి దగ్గర నీళ్లు బాగోలేకపోతే ఎవరిని అడగాలో యాత్రికుడికి తెలుసు. మీ పందిట్లో ఆ స్థానంలో ఎవరు నిలబడతారో తేల్చుకుంటే మిగిలిన పని తేలికవుతుందని నా అభిప్రాయం.

పాతసామాను (తాడేపల్లిగూడెం)

ఈ సీసాలన్నీ ఎలాగూ రీసైక్లింగ్‌కు వెళ్తాయి కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా అది ఎంతవరకు నిజమో చెబుతాను. లీటరు సీసా, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా మా దగ్గరకు తప్పకుండా వస్తాయి, ఎందుకంటే ఏరేవారికి అవి గిట్టుబాటు అవుతాయి. 200 మిల్లీలీటర్ల సీసా పలుచగా ఉంటుంది, సుమారు వంద సీసాలు ఏరితే కానీ కిలో తూగదు. సగం నీళ్లు ఉన్నవాటిని ఒక్కొక్కటి మూత తీసి ఒంపాలి. విందు చెత్తలో సాంబారు, పెరుగన్నం అంటిన విస్తళ్లతో కలిసిపోయిన సీసాను ఎవరూ ముట్టుకోరు. మూత వేరే రకం ప్లాస్టిక్, లేబులు వేరే రకం, వాటిని విడదీయాలి. నీళ్ల ప్యాకెట్ల సంగతి అసలు చెప్పనక్కరలేదు, తడిగా మట్టిగొట్టుకుని ఉన్న ఆ కవర్లను కొనేవారే లేరు.

సీసాలు తప్పనిసరిగా పెట్టే పెళ్ళిళ్లలో కనీసం విస్తళ్ల గుంటకు దూరంగా సీసాలకు మాత్రమే వేరుగా ఒక వల సంచి కట్టించండి. భోజనాల దగ్గర నుంచి బయటకు వెళ్లే దారిలో, చేతులు కడుక్కునే చోటుకు ముందు కట్టాలి. చేతులు కడుక్కున్న తరువాత ఎవరూ సీసాను మళ్లీ పట్టుకోరు.

రైన్ తీరం (జర్మనీలో ఉంటున్న నరసాపురం వాస్తవ్యుడిని)

ఇక్కడ ప్లాస్టిక్ సీసా కొన్నప్పుడు 25 సెంట్ల డిపాజిట్ అదనంగా తీసుకుంటారు. 2003 నుంచి ఈ పద్ధతి ఉంది. దుకాణంలోని యంత్రంలో ఖాళీ సీసా వేస్తే ఆ మొత్తం తిరిగి వస్తుంది కాబట్టి దారిలో సీసా పడి ఉండటం అరుదు. మన దేశంలోనూ ఇలాంటిది సాధ్యమేనని చూపిన ఉదాహరణలు ఉన్నాయి. నీలగిరుల్లో 2022లో మద్యం సీసాలకు పది రూపాయలు అదనంగా తీసుకుని, తిరిగి తెస్తే వెనక్కి ఇచ్చే పద్ధతి మద్రాసు హైకోర్టు చొరవతో మొదలైంది. కేదారనాథ్‌లో సీసాల మీద క్యూఆర్ కోడ్ అతికించి పది రూపాయల డిపాజిట్ పద్ధతి నడిపింది హైదరాబాదుకు చెందిన రీసైకల్ సంస్థే. మన జిల్లాలో పెళ్ళిళ్లకు ఎందుకు ప్రయత్నించకూడదు?

వంటపందిరి

రైన్ తీరం గారూ, పెళ్ళిలో సీసా ఉచితంగా ఇస్తారు కాబట్టి అతిథి దగ్గర డిపాజిట్ తీసుకోవడం కుదరదు, మన మర్యాదకు పొసగదు. అయితే మీ మాటలో నాకు పనికొచ్చేది ఒకటి ఉంది. డిపాజిట్ గృహస్థుకు, క్యాటరింగ్ వారికి మధ్య ఉండవచ్చు. మండపం అద్దెతో పాటు కొంత సొమ్ము కట్టించుకుని, లోపలికి వచ్చిన సీసాల లెక్కకు దగ్గరగా ఖాళీలు తిరిగి అప్పగిస్తేనే ఆ సొమ్ము వాపసు ఇవ్వాలి. అప్పుడు సీసాలు ఏరించే బాధ్యత మేమే తీసుకుంటాం, పాతసామాను గారి వల సంచి కూడా మేమే కడతాం.

మరచెంబు (తణుకు)

మా పెద్దలు ప్రయాణానికి మరచెంబు తీసుకెళ్లేవారు, పెళ్ళికి వెళ్తే గ్లాసు పెదవికి తగలనీయకుండా ఎత్తి పోసుకునేవారు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టినవారు కుండకు తడిగుడ్డ చుట్టి, పొడవైన పిడి ఉన్న గరిటెతో నీళ్లు పోసేవారే కానీ, తాగేవారి చేతిని కుండ మీద పడనిచ్చేవారు కాదు. నీళ్లు ముంచే చేయి, తాగే చేయి వేరుగా ఉండాలన్న ఆ నియమాన్ని డ్రమ్ముకు కొళాయి బిగించి ఇప్పుడూ పాటించవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి

ఇంతవరకు వచ్చిన మాటలు చదివాక నేను కోరేది స్పష్టంగా చెబుతాను. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో డ్రమ్ము మీద రాసి ఉండాలి. పరీక్ష చేసినవారి పేరు కూడా ఉండాలి. మూత తెరవకుండా కొళాయి నుంచే నీళ్లు పట్టాలి. గ్లాసులు ఒకే తొట్టిలో ముంచి తీయకుండా వేడినీళ్లతో కడగాలి. ఇవి ఉన్న పందిట్లో మా పిల్లలకు నేను ఆ నీళ్లే ఇస్తాను. నీటిమట్టం గారు, ఇంటి దగ్గర మామూలు మనుషులు చేయగలిగే పరీక్షలు ఏమైనా ఉన్నాయా?

నీటిమట్టం

ఉన్నాయమ్మా. మొదటిది క్లోరిన్ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో నీరు తీసుకుని రసాయనం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. తాగే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. రెండు నిమిషాల పని ఇది. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఆర్.ఓ. ప్లాంటు నీటిలో క్లోరిన్ మిగలదు, అందువల్ల ఆ నీరు టిన్నులో పోసిన తరువాత చేయి పడితే దానికి రక్షణ ఉండదు. టిన్నుల నీటి కంటే సరిగా క్లోరిన్ కలిపిన కొళాయి నీరే పందిరికి క్షేమమని నేను అనేది అందుకే.

రెండోది హెచ్.టూ.ఎస్. సీసా పరీక్ష. మందు ఉన్న చిన్న సీసాలో గీత వరకు నీరు పోసి ఒకటి రెండు రోజులు గది ఉష్ణోగ్రతలో ఉంచాలి. నీరు నల్లబడితే అందులో మలసంబంధమైన బాక్టీరియా ఉన్నట్టు అనుమానించాలి, ఆ నీరు వాడకూడదు. దీనికి సమయం పడుతుంది కాబట్టి విందుకు నాలుగు రోజుల ముందే, నీళ్లు తెచ్చే చోటు నుంచే నమూనా తీయాలి. చాలామంది టీడీఎస్ మీటరు ముంచి అంకె తక్కువగా ఉంటే నీరు మంచిదని అనుకుంటారు. ఆ మీటరు కరిగిన లవణాలను మాత్రమే చూపిస్తుంది, బాక్టీరియాను చూపించలేదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదని, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతించవచ్చని ప్రమాణంలో ఉంది. అంకె యాభై ఉన్నంత మాత్రాన నీరు సురక్షితమని అర్థం కాదు.

సభాతీర్మానం

నీటిమట్టం గారి వివరణ తరువాత జరిమానాతో మొదలుపెట్టాలన్న నా పట్టును సడలించుకుంటున్నాను. తీర్మానంలో సీసాల నిషేధం కంటే ముందు వాక్యంగా, పంచాయతీ మండపంలో కొళాయి బిగించిన స్టీలు డ్రమ్ములు, పరీక్ష సామగ్రి ఉంచాలన్నది చేర్చమని గ్రామసభలో అడుగుతాను.

వంటపందిరి

గ్లాసుల సంగతి నేను చూసుకుంటాను. మూడు గంగాళాలు వరుసగా పెట్టిస్తాను. మొదటిదానిలో సబ్బునీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు, మూడోదానిలో పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు ఉంటాయి. మరుగునీళ్లలో నుంచి తీసిన గ్లాసును గుడ్డతో తుడవకుండా జల్లెడ బల్ల మీద బోర్లించాలి, ఎందుకంటే తుడిచే గుడ్డే అన్నిటికంటే మురికిగా తయారవుతుంది. బఫే అయితే భోజనాల బల్లల పక్కన కాకుండా, జనం నిలబడి తినే చోట్ల అక్కడక్కడా డ్రమ్ములు పెట్టాలి. నీళ్ల కోసం పళ్లెం పట్టుకుని నడవాల్సివస్తే మళ్లీ సీసాలే అడుగుతారు. ఇద్దరు మనుషులు అదనంగా కావాలి. సీసాల ఖర్చు మిగులుతుంది కాబట్టి వారి కూలీ అందులో సరిపోతుంది.

కాలువగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మా వాళ్లతో మాట్లాడాను. మొదట కార్తీక వనభోజనాలకు ఈ ఏర్పాటు చేస్తాం, వచ్చేది మన ఊరివాళ్లే కాబట్టి లోటుపాట్లు ఉంటే మొహం మీదే చెబుతారు. ఊరి ట్యాంకు నీటికి ముందుగా హెచ్.టూ.ఎస్. పరీక్ష, ఆ రోజు పొద్దున క్లోరిన్ పరీక్ష చేయించి, తేదీతో సహా డ్రమ్ముకు కాగితం కడతాం. పరీక్ష చేసినవారి సంతకం ఉంటుంది. ఆ సంతకం చేయడానికి మా హైస్కూలు సైన్సు మాస్టారు ఒప్పుకున్నారు, నీటిమట్టం గారు ఒకసారి వచ్చి ఆయనకు పద్ధతి చూపిస్తే బాగుంటుంది. షష్ఠి అన్నసమారాధనకు పొరుగూళ్ల నుంచి కూడా జనం వస్తారు, తీర్థంలో దుకాణాలు అమ్మే సీసాలను మేము ఆపలేం. గుడి ఆవరణలోకి మాత్రం సీసాల కేసులు దింపకుండా చూస్తాం. ప్రైవేటు ఫంక్షన్ హాళ్లలో జరిగే పెళ్ళిళ్ల విషయం ఇంకా తేలలేదు, అక్కడ వంటపందిరి గారు చెప్పిన డిపాజిట్ పద్ధతికి యజమానులను ఒప్పించగలిగినవారు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి.

నీటిమట్టం

తప్పకుండా వస్తాను. పరీక్ష సీసాలు కొనేటప్పుడు గడువు తేదీ చూసి తీసుకోండి, ఎండ తగలని చోట ఉంచండి. ట్యాంకు కడిగిన తేదీ కూడా పంచాయతీలో అడిగి తెలుసుకోండి. కడిగి చాలాకాలమైతే ముందు ఆ పని చేయించాలి.

వంటపందిరి

వనభోజనాల తేదీ ఖాయం కాగానే చెప్పండి. కార్తీకమాసం ఆదివారాల్లో సప్లయర్స్ దగ్గర స్టీలు గ్లాసులు దొరకవు, ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోవాలి. మనిషికి ఒకటి కాకుండా ఒకటిన్నర లెక్కన తెప్పిస్తే, కడుగుతున్నవి కడుగుతుండగానే బల్ల మీద గ్లాసులకు కొరత రాకుండా ఉంటుంది.